పొయ్యి మాట జవదాటని ఇల్లు

మేనత్త బార్బ్లా పోతూ పోతూ నేసాకి ఇల్లు, రెండు ఆవులు, పలకల పొయ్యి రాసిపెట్టింది. ఇల్లంటే ఇల్లు, ఆవులంటే ఆవులు. పొయ్యి మాత్రం ఆ ఇంటికి పెద్దదిక్కు. నేల నుంచి దూలం దాకా నీలి పూల పింగాణీ పలకలు తొడుక్కుని, సగం గది ఆక్రమించి ఉండేది. వంటతో దానికి పనిలేదు. చలికాలం గది వెచ్చబెట్టడం, ఏడాది పొడుగునా ఇంట్లోవాళ్ళకి బుద్ధులు చెప్పడం, ఇదే దాని పని. ఎవడో పాతకాలపు కుమ్మరి పలకల మీద నీతులు రాశాడు, సగం ఒక పలక మీద, సగం పక్క పలక మీద. నూట ముప్పై ఏళ్ళుగా ఆ వంశం వాటిని అక్షరం పొల్లుపోకుండా పాటిస్తోంది.

"గడప తొక్కితే చుట్టం, చీపురుతో ఊడ్చెయ్యి" అని ఉంది. ఊడ్చేవాళ్ళు. పాస్టరు గారొచ్చినా, పశువుల డాక్టరొచ్చినా గుమ్మంలోనే కాళ్ళ మీద చీపురు పడేది. "గొంతు పూడితే పొయ్యి, వేడిగా సూపు పొయ్యి" అని ఉంది. పొగ సరిగ్గా పోని రోజున గరిటెడు బార్లీ సూపు పొయ్యి నోట్లో పోసేవాళ్ళు. మరీ మొండికేస్తే ఇంత మాంసం ముక్క కూడా వేసేవాళ్ళు. "ఉరుముల్లో మూత తీస్తే, సిరులన్నీ పెరుగు" అని ఉంది. మబ్బు పడితే చాలు, ఇంటిల్లిపాదీ పరిగెత్తి పాలకుండల మూతలు తీసేవాళ్ళు. పాలు విరిగేవి. సిరి దార్లో ఉందిలే అనుకునేవాళ్ళు. ఏం మనుషులో, ఏం నమ్మకమో!

ఇవన్నీ నవ్వుకోవచ్చు. నాలుగోది నవ్వులాట కాదు. "ఇంటిపిల్ల పెళ్ళాడితే, పాలన్నీ విరుగు." ఆ ఇంట్లో పెళ్ళిళ్ళు మగపిల్లలకే. ఆడపిల్లలకి పొయ్యి పక్కన బల్ల. బార్బ్లా ఎనభై ఆరేళ్ళు ఆ బల్ల మీదే కూర్చుని పోయింది. ఇప్పుడు నేసాకి యాభై రెండు.

పక్కింటి లూట్సి చీజ్ చేస్తాడు. ఇరవై ఆరేళ్ళుగా, ప్రతి సెప్టెంబరులోనూ వేసవి మేత ముగించి ఆవులు కొండ దిగొచ్చిన మర్నాడు, వచ్చి నేసాని పెళ్ళాడతావా అని అడుగుతాడు. మొదటిసారి మేనత్త పొయ్యి పలకల గోడ చూపించింది. పాలు విరక్కపోతే చీజ్ ఎలా అవుతుందండీ, నాకు కావలసిందే అది అన్నాడట. ఆవిడ అతన్ని రెండోసారి ఊడ్చింది. ఆ లోయలో అతని ప్యాంట్లంత శుభ్రమైన ప్యాంట్లు ఎవరికీ లేవు.

ఈ ఏడూ అడిగాడు. నేసా అలవాటుగా గోడ వంక చూసింది. లూట్సి టోపీ పెట్టేసుకున్నాడు. మోకాళ్ళు పట్టేశాయనీ, దుకాణం వదిలేశాననీ, శుక్రవారం మధ్యాహ్నం బస్సుకి కూర్ పట్నంలో చెల్లెలింటికి వెళ్ళిపోతున్నాననీ, ఇక రాననీ చెప్పాడు. నేసా ఆవుల కొట్టంలోకి వెళ్ళి ఏడ్చింది. ఇంట్లో ఏడిస్తే పొయ్యి చూస్తుందని భయం.

ఆ వారమే పొయ్యి మొరాయించింది. పొగంతా గదిలోకే. మూడు గిన్నెల సూపు తాగించినా లాభం లేకపోయేసరికి నేసా పొయ్యిల మేస్త్రీ యోరిని పిలిపించింది. గుమ్మంలో ఊడ్చింది. ఆయన మర్యాద చేస్తోందనుకుని, వద్దులెండమ్మా, ఎందుకండీ శ్రమ అన్నాడు.

యోరి పొయ్యిని వేలి కణుపుతో కొట్టి విన్నాడు. వాసన చూశాడు, మళ్ళీ చూశాడు, ఆకలేస్తోందన్నాడు. రెండ్రోజుల్లో పలకలన్నీ విప్పి, లోపలి పొగదారి తెరిచాడు. దాన్నిండా రాయిలా గట్టిపడ్డ బార్లీ. మధ్యలో ఒక చెంచా కూడా దొరికింది. పిట్టగూళ్ళు చూశాను, చచ్చిన పిల్లుల్ని చూశాను గానీ భోంచేసిన పొయ్యిని చూడలేదు తల్లీ అని చెంప మీద చెయ్యి వేసుకున్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం పలకలు కడుగుతూ ఒకదాన్ని వెనక్కి తిప్పి చూశాడు. ప్రతి పలక వెనకా కుమ్మరి వేసిన అంకె ఉంది. ఆ అంకెల వరసలో నేల మీద పేర్చి నేసాని పిలిచాడు. నేసా వంగి చదివింది. గడప తొక్కితే చుట్టం, వేడిగా సూపు పొయ్యి. గొంతు పూడితే పొయ్యి, చీపురుతో ఊడ్చెయ్యి. ఉరుముల్లో మూత తీస్తే, పాలన్నీ విరుగు.

చివరిది చదవడానికి ఆమె నేల మీద చతికిలబడింది. ఇంటిపిల్ల పెళ్ళాడితే, సిరులన్నీ పెరుగు.

యోరి పొయ్యి లోపలి ఇటుక మీద ఒక గీతల గుర్తు చూపించాడు. అది తన ముత్తాతదట. ఈ పొయ్యిని కింది ఊళ్ళో వేరేవాళ్ళింట్లో విప్పి తెచ్చి ఇక్కడ పెట్టింది ఆయనేనట. పాపం, చదువూ రాదు, అంకెలూ రావు. పూలకి పూలు కలిసేట్టు పెట్టేసి వెళ్ళిపోయాడు.

"పూలు కలవాలని నా బతుకు తగలేశాడా మీ ముత్తాత?" అంది నేసా. ఆమెకి నవ్వొచ్చింది, ఆ వెనకే ఒళ్ళు మండిపోయింది. యోరి టోపీ తీసి, ఆయన తరఫున క్షమించమని అడిగాడు. పూలు మాత్రం చక్కగా కలిశాయని కూడా అన్నాడు.

అప్పుడే లూట్సి సంచి భుజాన వేసుకుని, వెళ్ళొస్తానని చెప్పడానికి వచ్చాడు. నేసా చీపురందుకోబోయి చెయ్యి వెనక్కి లాక్కుంది. అతని చొక్కా పట్టుకుని పలకల దగ్గరికి ఈడ్చుకొచ్చి, చదువు, చదువు అంది.

లూట్సి కిందికైనా చూడలేదు. "తెలుసు. ఇరవై ఆరేళ్ళు వాటికెదురుగా నిలబడి ఊడ్పించుకున్నాను. పొయ్యికి సూపేమిటి, మనిషికి చీపురేమిటి? తారుమారయ్యాయని రెండో ఏడే అర్థమైంది."

"మరి చెప్పవేం, మహానుభావా?"

"చెబితే పొయ్యి ఒప్పుకునేది. నేనడిగింది పొయ్యిని కాదు."

నేసాకి అతన్ని నిజంగానే చీపురుతో కొట్టాలనిపించింది. ఇరవై ఆరేళ్ళు బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాడు, వీడూ మా వంశానికి తగ్గవాడే అనుకుంది. కింద మలుపులో బస్సు హారన్ వినిపించింది. లూట్సి సంచి సర్దుకున్నాడు.

"నువ్వేమంటావు, నేసా?"

ఆమె గోడ వంక చూసింది. అక్కడ మసి తప్ప ఇంకేం లేదు. యాభై రెండేళ్ళలో ఏ ప్రశ్నకీ ఆ గోడని అడక్కుండా జవాబు చెప్పలేదు. సిరులు పెరుగుతాయని చెప్పబోయి ఆగింది.

"పాలు విరిగితే విరగనీ, సిరి పోతే పోనీ," అంది, "నిన్ను చేసుకోవాలని నాకుంది. మొదటిసారి అడిగిన రోజు నుంచీ ఉంది."

లూట్సి సంచి దించి, మేనత్త బల్ల మీద కూలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. బస్సు వచ్చి, ఆగి, వెళ్ళిపోయింది. యోరి ఎటు చూడాలో తెలియక, కడిగిన పలకనే మళ్ళీ కడిగాడు.