జెల్లీచేపల పస్తు

ఆ ప్రయోగశాలలో జెల్లీచేపలను సాకేది ఆమే కాబట్టి అందరూ ఆమెను జెల్లక్క అనేవారు. పెళ్లయ్యాక మొదలుపెట్టిన పరిశోధన. పట్టా ఎప్పుడొస్తుందని అత్తగారు అడగని పూట లేదు. ఈమధ్యే జెల్లక్క ధైర్యం చేసి, ఈ ఏడు ఖాయమని మాటిచ్చేసింది.

ఆ ధైర్యానికి కారణం ఒక జన్యువు. పిండం పెరిగేటప్పుడు తల ఇక్కడ, నడుము ఇక్కడ, తోక ఇక్కడ అని హద్దులు చెప్పే జన్యువుల కుటుంబం ఒకటుంది. ఈగలోనూ అదే, మనిషిలోనూ అదే. ఎప్పటిదో ఒక జన్యువుకి నకళ్లు పుట్టి, ఒక్కో నకలు ఒక్కో పని నేర్చుకుని, అన్నదమ్ముల్లా వేరు కాపురాలు పెట్టాయి. జెల్లీచేపల్లో తలవైపు వాటికి చుట్టాలున్నాయి గానీ, నడుము జన్యువు మాత్రం అంతవరకూ ఎవరికీ దొరకలేదు. జెల్లక్కకి దొరికింది. అంటే మన పూర్వీకులూ జెల్లీచేపలూ విడిపోకముందే, యాభై కోట్ల ఏళ్లకు పైమాటే, ఆ కుటుంబం అంత పెద్దదన్నమాట. ఆమె గురువు, అందరూ పెద్దాయన అనే ప్రొఫెసరు, పొంగిపోయి రేపటి సభలో ఈ సంగతి తనే చెబుతానని చాటింపు వేసేశాడు.

ఇన్నాళ్లూ ఆమె ఆ జన్యువుని ఈగతో, మనిషితో పోల్చి ఊరుకుంది. ఇవాళ పొద్దున ఎందుకైనా మంచిదని రొయ్యల్ని కూడా కలిపి వంశవృక్షం మళ్లీ గీసింది. జెల్లీచేపల కొమ్మ మీద ఉండాల్సిన జన్యువు కాస్తా వెళ్లి రొయ్యల కొమ్మెక్కి కూర్చుంది. అదీ ఏ రొయ్య? జెల్లీచేపలకి మేతగా వేసే రొయ్యపిల్లల జాతి. తలా నడుమూ తోకా అంటూ ఇన్నేళ్లు కుస్తీ పట్టిన మనిషికి నిజంగానే తల ప్రాణం తోకకొచ్చింది.

కడుపులో మేత ఉంటే దాని జన్యువులూ కలిసి వస్తాయి. అందుకే నమూనా తీసేముందు జంతువుల్ని రెండు రోజులు పస్తుంచాలి. ఆ నియమం పెట్టింది పెద్దాయనే. మేత వేయొద్దని తొట్టి మీద అట్టముక్క అంటించి, వచ్చేపోయే వాళ్లందరికీ చిలక్కి చెప్పినట్టు చెప్పింది జెల్లక్క. ఇంకో నమూనా తీసి చూద్దామని, పస్తుంచిన తొట్టి దగ్గరికి విసవిసా వెళ్లింది.

గాజులా ఉండాల్సిన పొట్టలు నారింజ రంగులో ఉన్నాయి. వాటి నిండా రొయ్యపిల్లలే. పక్కనే పెద్దాయన, చేతిలో మేత వేసే గొట్టంతో నిలబడి ఉన్నాడు.

"నోరులేని జీవాలమ్మా, చూస్తే జాలేసింది. ఒక్క చుక్కే వేశాను. ఎప్పుడూ అంతే," అన్నాడు.

ఎప్పుడూ అన్న మాటకి ఆమె ఒళ్లు మండిపోయింది. కంచే చేను మేస్తే ఎవరితో చెప్పుకోవాలి? వాటికి ఉన్నదే నోరు కదయ్యా అని అరవాలనిపించింది. అరవలేక, పొద్దున గీసిన వంశవృక్షం కాగితం ఆయన ముందు పెట్టింది.

పెద్దాయనకి చూడగానే అర్థమైంది. ముఖం వాడిపోయింది. గొంతు తగ్గించి, ఈ జన్యువు తీసేస్తే ఆమె పరిశోధనలో ఇక మిగిలేదేమీ లేదన్నాడు. రొయ్యల్ని పోలికలో కలపకపోతే సరి, అంత లోతుగా ఎవరు చూస్తారన్నాడు. ఆ మాటలో తన పరువు ఎంతుందో, ఆమె మీద జాలి ఎంతుందో ఆయనకే తెలియాలి.

జెల్లక్కకి ఒక్క క్షణం ఆశ పుట్టింది. పుట్టినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"నేను చూశాను కద సార్," అంది.

"మరి రేపు సభలో నన్నేం చెప్పమంటావ్?"

"రొయ్యలో రొయ్య జన్యువు దొరికిందని చెప్పండి."

ఆ విసురుతోనే వసారాలోకి వచ్చి అత్తగారికి ఫోన్ చేసింది. ఇంకో రెండేళ్లు పడుతుందని చెప్పి, ఎందుకని ఆవిడ అడిగేలోపే పెట్టేసింది.