టీ గీసిన గుంటలు

జగ్గారావుకి జలుబు చేస్తే ఆఫీసంతటికీ తెలిసేది. మనిషి పీలగా ఉంటాడు గానీ, తుమ్మితే రేవులో ఓడ కూత పెట్టినట్టుండేది.

సీతమ్మధారలో ఒక అద్దె ఇంట్లో నడిచే కాంట్రాక్టు కంపెనీలో అతను డ్రాఫ్ట్స్‌మన్. అది ఎనభై మూడో సంవత్సరం. ఉక్కు ఫ్యాక్టరీ వస్తోందని గాజువాక అవతల ఎక్కడ చూసినా ఇళ్ళ కాలనీలు లేస్తున్నాయి. అలాంటి ఒక కాలనీకి ప్లాను గీసే పని జగ్గారావుది. పల్చటి ట్రేసింగు కాగితం మీద నల్ల సిరాతో అతను గీస్తే, దాన్ని అమ్మోనియా మిషన్లో పెట్టి ప్రింట్లు తీసి సైటుకి పంపేవారు. కాగితం మీద వెలుతురుకి ఏది అడ్డం పడినా, అది ప్రింటులో గీతై కూర్చునేది.

ఎలమంచిలి నుంచి వచ్చి చేరిన ఆరేళ్ళలో అతని గీత మీద ఒక్క మాట రాలేదు. ఇంజనీరు అచ్యుతరామయ్య గారు భూతద్దం పెట్టి వెతికినా తప్పు దొరికేది కాదు. దొరకనందుకు ఆయన మనసులో కాస్త వెలితిగా కూడా ఉండేది.

ఒక సోమవారం పొద్దున్నే ఆయన జగ్గారావుని స్కూటరు వెనక ఎక్కించుకుని సైటుకి వెళ్ళారు. మేస్త్రి తవిటయ్య ఎదురొచ్చాడు. అతనిదీ ఎలమంచిలి పక్క ఊరే, జగ్గారావుని బావా అని పిలుస్తాడు. ఇళ్ళ వెనక ఇంకుడు గుంటలన్నీ తవ్వించేశానని, కాలనీ క్లబ్బు ముందర ఏడు గుంటలూ ఆదివారం కూడా కూలీల్ని పెట్టి పూర్తి చేయించానని సంబరంగా చెప్పాడు.

క్లబ్బు ముందర గుంటలేమిటని అచ్యుతరామయ్య గారు వెనక్కి తిరిగి ఒక అడుగు వేశారు. వేసిన అడుగు నాలుగో గుంటలో పడింది.

నడుం లోతు గుంట. దెబ్బేమీ తగల్లేదు. ఆయన పైకి రాలేదు, అరవలేదు కూడా. అక్కడే నిలబడి, కళ్ళజోడు సర్దుకుని, ప్రింటు ఇమ్మని చెయ్యి చాచారు. తవిటయ్య ఇచ్చాడు. క్లబ్బు గుమ్మం ముందు, పచ్చిక వేయాల్సిన చోట, ఏడు సున్నాలు వంకరటింకరగా ఉన్నాయి. ఒకటి పెద్దది, రెండు మధ్యరకం, మిగతావి చిన్నవి. ఆ ప్లానులో సున్నా అంటే ఇంకుడు గుంట. తవిటయ్య స్కేలు పెట్టి కొలిచి, ఏ సున్నాకి ఆ వెడల్పు గుంట తవ్వించాడు. అతని తప్పు వీసమంత లేదు.

"నాను గియ్యలేదు సార్," అన్నాడు జగ్గారావు.

"మరి నేను గీశానా?" అన్నారు ఆయన గుంటలోంచి.

ఆఫీసుకి తిరిగొచ్చి ట్రేసింగు తీసి చూస్తే, సరిగ్గా అక్కడే ఏడు సున్నాలు లేత గోధుమ రంగులో ఉన్నాయి. జగ్గారావు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. టీ. అప్పుడు గుర్తొచ్చింది. పది రోజుల కిందట జలుబుతో ఉండగా, టీ గ్లాసు చేతిలో పట్టుకుని తుమ్మాడు. తొణికినదంతా అప్పుడే గుడ్డతో అద్దేశాడు. గీతలకి ఆనించే టి-స్కేలు అవతల పడిన ఈ చుక్కల్ని చూడనేలేదు.

ఆ మాట చెబితే అచ్యుతరామయ్య గారు నమ్మలేదు. టీ పడితే మరకవుతుంది గానీ చక్రమవుతుందా అన్నారు. నడుమంతా తేటగా ఉండి అంచు మాత్రం గీసినట్టుందంటే, అది ఎవరో గోధుమ రంగు సిరాతో కావాలని గీసిందేనని ఆయన తేల్చేశారు. తనని గుంటలో దించాలనే పెట్టుకున్న పథకం అనలేదు గానీ, ఆయన చూపు మాత్రం అదే అంది. రేపటిలోగా రుజువు చెయ్యకపోతే మేనేజరుకి రాసి పంపుతానన్నారు.

ఆ పూట జగ్గారావుకి అన్నం సయించలేదు. ఆరేళ్ళ చేతి పనిని ఏడు చుక్కలు మింగేస్తాయేమోనని దిగులు పట్టుకుంది.

మర్నాడు పదకొండు గంటలకి టీ వచ్చింది. ఆఫీసు గేటు పక్కన బడ్డీ పెట్టుకున్న నూకాలే స్వయంగా తెచ్చింది. జగ్గారావు ఒక ట్రేసింగు ముక్క బల్ల మీద పరిచి, గ్లాసులో వేలు ముంచి ఏడు చుక్కలు విదిల్చాడు. ఆఫీసులో ఉన్న తొమ్మిది మందీ చుట్టూ మూగారు. కాగితం ఎగిరిపోతుందని ఫ్యాను ఆపేశారు. చెమటలు కారుతుంటే తుడుచుకుంటూ అందరూ టీ చుక్కలు ఆరడం చూస్తూ నిలబడ్డారు. అంత శ్రద్ధగా ఆ ఆఫీసులో ఏ పనీ ఎన్నడూ జరగలేదు.

గంట గడిచింది. చుక్కలు ఆరాయి. ఏడూ జిగటగా, మందంగా, ఒకే రంగు మరకలయ్యాయి. ఒక్కటంటే ఒక్కటి సున్నా కాలేదు. పైగా చీమలొచ్చాయి.

 అచ్యుతరామయ్య గారు తన గదిలోకెళ్ళి తెల్ల కాగితం తీశారు.

ఖాళీ గ్లాసుల కోసం వచ్చిన నూకాలు ఆ మరకల కేసి చూసింది. ఏం జరుగుతోందని అడిగింది. జగ్గారావు నీరసంగా అంతా చెప్పాడు. ఆమె మొహం మారింది. కొంగు సవరించుకుంది, అటూ ఇటూ చూసింది, చివరికి గొంతు తగ్గించి అడిగింది.

"బాబూ, తమరు తుమ్మింది ఏ రోజు? నాను జలుబుకి మంచిదని మందు టీ ఇచ్చిన రోజేనా?"

అదేనన్నాడు జగ్గారావు.

"అది మందు కాదు బాబూ. ఆ రోజు పాలు ఇరిగిపోనాయి. పంచదారా నిండుకుంది. ఏటి సెయ్యను? ఉత్త డికాషనే పోసి, మందని సెప్పీసినాను. అందరూ బాగుందన్నారు కదా అని ఊరుకున్నాను."

జగ్గారావు ఆమె చెయ్యి పట్టుకున్నంత పని చేసి, ఇంజనీరు గది ముందుకి తీసుకెళ్ళాడు. ఆ మాటే మళ్ళీ ఆయన ముందు చెప్పించాడు. అచ్యుతరామయ్య గారు కలం కింద పెట్టారు. ఆ మందు వల్ల తన దగ్గు కూడా తగ్గిందని ఆయనే వారం రోజులు అందరికీ చెప్పారు. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు.

నూకాలు పాలూ పంచదారా లేకుండా డికాషను కాచి తెచ్చింది. ఈసారి చుక్కల్ని అచ్యుతరామయ్య గారే వేశారు. భూతద్దం పెట్టుకుని వంగారు. కాసేపటికి ఆయన నోరు తెరుచుకుంది.

"జగ్గారావ్, ఇలా రావయ్యా. పరుగెడుతున్నాయి."

జగ్గారావు చూశాడు. చుక్కలో టీపొడి నలకలు, కంటికి ఆనీ ఆననంత సన్నవి, నడుమ నుంచి అంచుకి బారులు తీరి పోతున్నాయి. వెళ్ళినవి వెళ్ళినట్టే అంచున ఇరుక్కుంటున్నాయి. వెనక వచ్చేవి వాటి మీద పడుతున్నాయి. చుక్క చిన్నదవడం లేదు, అంచు ఉన్నచోటే ఉంది, పల్చబడుతోంది అంతే. అంచు పల్చన కాబట్టి అక్కడ నీరు ముందు ఆరిపోతుందని, ఆ లోటు తీర్చడానికి నడుమ నీరు అటు ప్రవహిస్తుందని, పోతూ పోతూ నలకల్ని ఈడ్చుకుపోతుందని అచ్యుతరామయ్య గారు తనకి తనే చెప్పుకుంటున్నట్టు చెప్పారు. ఇందాకటి చుక్కలు పాలూ పంచదారా కలిసి చిక్కబడటంతో నలకలు కదలలేక ఉన్నచోటే ఉండిపోయాయేమోనన్నారు.

"పల్లెం కడిగి తుడవకుండా వదిలేత్తే ఇలాగే సున్నాలు పడతాయి," అంది నూకాలు. ఇందులో ఇంత వింతేముందో ఆమెకి అర్థం కాలేదు.

అరగంటకి ఏడు సున్నాలు తేలాయి. కంపాసు పెట్టి గీసినా అంత సన్నంగా రావు. మేనేజరుకి రాస్తున్న కాగితాన్ని అచ్యుతరామయ్య గారు నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు. జగ్గారావుకి క్షమాపణ చెప్పడం ఆయనకి చేతకాలేదు. ఆ రోజు తన క్యారియరులోంచి రెండు వంకాయ బజ్జీలు తీసి అతని బల్ల మీద పెట్టి వెళ్ళారు.

గుంటలు మాత్రం మిగిలిపోయాయి. పూడ్చాలంటే ఎందుకు తవ్వారని పైవాళ్ళకి జవాబు చెప్పాలి. అందుకని వాటిలో బాదం మొక్కలు నాటించారు. కట్టినదానికీ ప్లానుకీ తేడా ఉండకూడదు కాబట్టి, కొత్త ప్లానులో ఆ ఏడు సున్నాల్నీ, అదే వంకరలో, అవే కొలతల్లో జగ్గారావు నల్ల సిరాతో గీయవలసి వచ్చింది. దాని మీద అచ్యుతరామయ్య గారు సంతకం పెట్టారు.

ఆ తర్వాత టీ తాగాలంటే వరండాలోకి వెళ్ళాలని రూలొచ్చింది. రూలు పెట్టినాయన మాత్రం రోజూ పదకొండింటికి గది తలుపు దగ్గరగా వేసుకుని, ఒకరోజు ఉప్పునీళ్ళూ ఒకరోజు మజ్జిగా కాగితం మీద చుక్కలు వేసుకుని భూతద్దంతో చూసుకునేవారు.

తవిటయ్య ఒక్కడే ఈ వ్యవహారాన్ని మనసులో పెట్టుకున్నాడు. ఆదివారం పని చేయించినందుకు మెప్పు రాలేదు సరికదా, అందరూ నవ్వారు. అప్పటినుంచి ఏ ప్రింటు వచ్చినా ముందు ఎండలో పరిచి, వేలితో గీకి, వాసన చూసి, అప్పటికీ నమ్మకం కుదరక సైకిలేసుకుని సీతమ్మధార దాకా వచ్చేవాడు.

"బావా," అనేవాడు జగ్గారావు బల్ల ముందు నిలబడి, "ఇది నువ్వు గీసిందేనా, టీ గీసిందా? సెప్తే తవ్వుతాను."