చేబదులు రుచి

మధ్యాహ్నం గిన్నెలు కడిగి బోర్లించాక చెల్లెలు పొయ్యి మీద అడుగు మందంగా ఉన్న గిన్నె ఎక్కించేది. అందులో పంచదార, నీళ్ళు, కాస్త నిమ్మరసం. అది ఉండపాకానికి వచ్చేలోపు పక్క పొయ్యి మీద మొక్కజొన్న పిండిని నీళ్ళలో కలిపి జిగురుగా ఉడికించి, దాంట్లోకి పాకాన్ని సన్నటి ధారగా పోసేది. అసలు పని అక్కడ మొదలు. సన్నసెగ మీద చెక్క తెడ్డుతో కలపాలి. చెయ్యి ఆపితే అడుగంటుతుంది, తొందరపడితే ఉండకడుతుంది. ఎదురింటి గోడ మీది ఎండ మెల్లగా దిగి రోడ్డు మీద పడేదాకా కలిపితేగానీ ముద్ద గిన్నె అంచులు వదలదు. అప్పుడు చిక్కగా మరిగించిన పళ్ళరసం పోసి, ఇంకాస్త తిప్పి, నూనె రాసిన పళ్ళెంలో పరిచి మర్నాటిదాకా దాని మానాన దాన్ని వదిలెయ్యాలి. ముక్కలు కోసి పంచదార పొడిలో దొర్లిస్తే టర్కీ మిఠాయి తయారు. పళ్ళెం కదిపితే వణుకుతుంది కనక వీధిలో అందరూ దాన్ని వణుకుడు మిఠాయి అనేవాళ్ళు.

ఆ వాటాలో ఉండేది ఇద్దరే. అక్క ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసి మడతలు పెట్టేది. తల్లి పోయేనాటికి చెల్లెలికి పాలపళ్ళు కూడా ఊడలేదు. అప్పట్నించీ తల్లయినా తండ్రయినా అక్కే. నోరు మూతపడదని దానికి 'పిట్ట' అని పేరు పెట్టింది కూడా అక్కే.

ముందటేడు పిట్టకి పెద్ద జ్వరం వచ్చింది. జ్వరమైతే తగ్గింది గానీ పోతూ పోతూ నాలుక మీది రుచిని పట్టుకుపోయింది. పంచదారైనా ఇసకైనా ఒకటే అయిపోయింది. అయినా ఆ పిల్ల మిఠాయి చెయ్యటం మానలేదు. కొలతల ప్రకారం చేసేది. కొన్నవాళ్ళు మొహమాటానికి "బాగుందమ్మా" అని, రెండోసారి కనపడకుండా పోయేవాళ్ళు.

అలాంటి రోజుల్లో రేవు పట్నంలోని పెద్ద మిఠాయి కొట్టు యజమాని నుంచి కబురొచ్చింది. పాకం దగ్గర నిలబడే మనిషి కావాలట. ఒక పళ్ళెం మిఠాయి చేసి పంపితే తిని చూస్తానన్నాడట. పిట్ట ఆ పూట అన్నం మానేసి గోడకి ఆనుకుని కూర్చుంది.

"దానికంత ఏడుపు మొహం ఎందుకే? నా రుచి తీసుకో. ఈ పళ్ళెం అయ్యాక ఇచ్చెయ్యి," అంది అక్క, తల దువ్వుకుంటూ.

ఆ వీధిలో చేబదుళ్ళు మామూలే. ఇవాళ కప్పు పంచదార, రేపు గొడుగు. రాత్రంతా బండి తోలొచ్చిన లారీ డ్రైవరు ఎదురింటి మామ్మ దగ్గర ఒక పూట నిద్ర పుచ్చుకునేవాడు. కింది వాటాలో దర్జీ, సూదిలో దారం ఎక్కనప్పుడు పక్కింటి కోడలి చూపు అడిగి తీసుకుని, సాయంత్రానికల్లా ఇచ్చేసేవాడు. అరచేతిలో అరచెయ్యి పెట్టి "తీసుకో" అంటే చాలు. ఇచ్చినవాళ్ళు తిరిగి అడగకూడదు, అదొక్కటే మర్యాద.

అక్క చెయ్యి సబ్బుకి, ఇస్త్రీ సెగకి మొద్దుబారి గరుగ్గా ఉంది. "తీసుకో," అంది. పిట్ట గబగబా వంటింట్లోకి పరిగెత్తి నిమ్మచెక్క కొరికింది. పులుపు చెవుల్లోకి ఎక్కి ఒళ్ళంతా జలదరించింది. ఆ సంతోషంలో వెనక్కి తిరిగి చూసుకోలేదు. చూసుంటే, అప్పుడే టీ గ్లాసు నోటి దగ్గర పెట్టుకున్న అక్క ఒక గుక్క తాగి, గ్లాసులోకి తొంగిచూడటం కనపడేది.

ఆ పళ్ళెం అద్భుతంగా కుదిరింది. కొట్టు యజమాని ఇంకో పళ్ళెం పంపమన్నాడు. అది పంపాక నారింజవి కూడా చూస్తానన్నాడు. ఈలోగా వీధిలో పుట్టినరోజులకీ, కొత్తగా ఇల్లు మారినవాళ్ళకీ పిట్ట మిఠాయే కావలసి వచ్చింది. "ఈ ఒక్కటీ అయిపోనీ అక్కా, ఇచ్చేస్తాను," అనేది పిట్ట. "దానికేం తొందర," అనేది అక్క. కొన్నాళ్ళకి పిట్ట ఆ మాట అనటం మానేసింది. అక్క ఎలాగూ అడగదు.

అసలు బాధ ఏమిటంటే, రుచి లేని బతుకెలా ఉంటుందో పిట్టకి తెలుసు. తెలియక చేసిన తప్పయితే మనసు ఎక్కడో ఒకచోట సర్దిచెప్పుకుంటుంది. రొట్టె నమిలితే తడిసిన అట్టముక్కలా నోట్లో ఎలా తిరుగుతుందో, మింగటానికి ఎన్ని నీళ్ళు తాగాలో, ఆకలేస్తున్నా కంచం దగ్గరికి వెళ్ళాలంటే ఎంత విసుగో అన్నీ తెలిసుండి కూడా ఇవ్వలేకపోయింది. ఇచ్చేస్తే మళ్ళీ తనే ఆ గోతిలో పడాలి. ఆ తలుపు ఒకసారి దాటొచ్చినవాళ్ళకి మళ్ళీ అటు వెళ్ళాలంటే కాళ్ళు రావు.

అందుకని దొంగతనంగా తినటం నేర్చుకుంది. అక్క ఎదురుగా సగం తిని చాలనేది. అక్క పనికి వెళ్ళాక బేరిపండు తొక్కతో సహా నమిలేది, జున్నుముక్క నాలుక కింద పెట్టుకుని కళ్ళు మూసుకునేది. తిన్నంతసేపూ స్వర్గం, మింగాక గొంతులో ముల్లు. అక్క రవికెలు వదులైపోయాయి. ఒకరోజు కుట్టు బిగించమని దర్జీకి ఇచ్చి రమ్మంటే, పిట్ట వాటిని చంకలో పెట్టుకుని మెట్లు దిగింది.

దర్జీ టేపు పట్టి చూశాడు. "మీ అక్క మరీ పుల్లలా అయిపోతోంది. తింటోందా?"

"తింటోంది మావయ్యా. పని ఎక్కువైంది."

"ఊఁ," అన్నాడు దర్జీ. టేపు చుట్టి పక్కన పెట్టాడు. ఆయన ఏదైనా అనుంటే బాగుండుననుకుంది పిట్ట. నాలుగు చీవాట్లు తింటే కనీసం ఆ ముల్లు కదిలేది.

కొట్టు యజమాని చివరికి స్వయంగా రమ్మని కబురు పంపాడు. ఎదురుగా కూర్చోబెట్టి నాలుగు రకాలు తినిపించి చూస్తాడు, నచ్చితే ఆ వారంలోనే పనిలో చేరిపోవచ్చు, ఉండటానికి కొట్టు వెనక గది. అక్క సంబరపడిపోయి వీధంతా చెప్పుకొచ్చింది. ట్రంకుపెట్టె దులిపి, తన మంచి శాలువా అందులో పెట్టింది. ఆ సామాన్లలో తన రుచి కూడా ఊరు దాటిపోతుందని ఒక్క ముక్క అనలేదు.

ప్రయాణానికి ముందురోజు పొద్దున్న పిట్ట నిద్ర లేచి వచ్చేసరికి అక్క నిలబడి పాలు తాగుతోంది. గది గుమ్మంలోకే పుల్లటి కంపు కొట్టింది. మూత పెట్టకుండా వదిలేసిన నిన్నటి పాలు. విరిగి, గ్లాసు అంచున తెల్లగా తరకలు కట్టాయి. అక్కకి పడిశం, ముక్కు పనిచెయ్యటం లేదు. అక్క చివరిదాకా తాగి, మూతి తుడుచుకుని, "పాలవాడు ఈమధ్య చిక్కగా పోస్తున్నాడే," అంది.

పిట్ట వెళ్ళి అక్క చెయ్యి లాక్కుంది.

"ఏంటే?"

"తీసుకో అక్కా."

"ఇప్పుడెందుకే? రేపు నీకు కొట్టులో..."

"తీసుకోమంటున్నానా! నీకు దణ్ణం పెడతాను, తీసుకో!"

అక్క గ్లాసు పక్కన పెట్టింది. అప్పుడు చెల్లెలి అరచేతి మీద వేళ్ళు ముడిచింది.

ముందు మొహం వికారంగా పెట్టి కుళాయి దగ్గరికి పరిగెత్తి నోరు పుక్కిలించింది. తర్వాత అల్మరా తెరిచింది. పంచదార చిటికెడు, ఉప్పు రవ్వంత, కాఫీపొడి, నిమ్మతొక్క, చిన్నపిల్లలా ఒక్కొక్కటీ నాలుక మీద వేసుకుంది. పళ్ళెంలో మిగిలిన నారింజ మిఠాయి ముక్క నోట్లో పెట్టుకుని, ఉన్నట్టుండి నమలటం ఆపింది.

"పిట్టా, ఈ రసం మరిగేటప్పుడు అడుగు పట్టుకుందా? ఎక్కడో కాస్త మాడు ఉంది."

నిజమే. ఆ సంగతి పిట్టకి తప్ప ఎవరికీ తెలియదు. రుచి ఊరికే తిరిగి రాలేదు. పొయ్యి దగ్గర ఇన్నాళ్ళూ నేర్చుకున్నదంతా మూటగట్టుకుని మరీ వచ్చింది.

రేవు పట్నానికి ఇద్దరూ వెళ్ళారు. రానని కబురు పంపటం కాదు, ఎదురుగా నిజం చెప్పాలని పిట్ట పట్టుబట్టింది. కొట్టు వెనక వంటశాలలో పెద్ద పెద్ద ఇత్తడి గిన్నెలు, వేడికి ఎర్రబడ్డ మొహాలు. యజమాని బట్టతల మనిషి, కనుబొమల మీద కూడా పంచదార పొడి ఉంది. పిట్ట తల వంచుకుని అంతా చెప్పింది.

"ఓహో, చేబదులా," అన్నాడాయన, బస్సు ఆలస్యమైందంటే అన్నట్టు. "అలాగని ముందే చెప్పుంటే సరిపోయేదిగా. సరే, ఇంత దూరం వచ్చారు, తినకుండా వెళ్ళకండి."

నాలుగు ముక్కలున్న పళ్ళెం ముందుకి తోశాడు. పిట్ట ముట్టుకోలేదు. అక్క మర్యాద కోసం ఒకటి తీసుకుంది. నములుతూ, ఎవరూ అడక్కుండానే, పక్కింటావిడతో కూర సంగతి మాట్లాడినట్టు, "నిమ్మరసం పాకం ఆఖర్న పోశారు కదండీ? పంచదార గరగరలాడుతోంది," అంది. రెండోది తిని, "దీన్ని ఇంకాసేపు కలపాల్సింది, పచ్చిపిండి వాసన పోలేదు."

యజమాని వంటవాళ్ళ వైపు చూశాడు. ఒకడు తల గోక్కున్నాడు.

"అమ్మా," అన్నాడాయన అక్కతో, "పేరు ఎవరిదైతే నాకేం? రేపటి నుంచీ నా పాకం దగ్గర ఉండాల్సింది ఈ నాలుక. వస్తారా?"

తిరుగు బస్సులో అక్క కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఇంటికొచ్చాక చెప్పులు విడుస్తూ, "నేను వెళ్ళనే," అంది. "నోటి దగ్గర కూడు లాక్కున్నట్టుంటుంది. కష్టపడి నేర్చుకున్నది నువ్వు."

"నీ నాలుకతో నేర్చుకున్నాను."

"కలిపింది నీ చేతులేగా? పోనీ, మళ్ళీ నువ్వే తీసుకుని నువ్వే వెళ్ళు."

"తీసుకోను."

"మొండిదానా!"

"నువ్వు కాదేంటి?"

మర్నాడు అక్క లాండ్రీకి సెలవు పెట్టి, పిట్టని బజారుకి పంపి, ఒక్కతే పొయ్యి దగ్గర నిలబడింది. ఎందుకని అడిగితే చెప్పలేదు. ఆ మర్నాడు కోసిన ముక్కలు చూస్తే తెలిసింది, ఆవిడకి ఆ పని ఎంత ఇష్టంగా ఉందో. ఎర్రగా, మెరుస్తూ, అంచులు కత్తిరించినట్టు ఉన్నాయి. పంచదార పొడి అంటిన అక్క మొహంలో ఒక వెలుగు. ఏళ్ళ తరబడి ఆస్పత్రి దుప్పట్లు మడిచిన మనిషిలో పిట్ట ఎన్నడూ చూడనిది. చెల్లెలు చూస్తోందని తెలియగానే అక్క గబుక్కున ఆ వెలుగుని దాచేసుకుంది, తప్పు చేస్తూ దొరికిపోయినట్టు.

ఆ దాచుకోవటం పిట్ట గుండెలో గుచ్చుకుంది. తను ఇన్నాళ్ళూ బేరిపండు దాచుకు తిన్నట్టే ఇవాళ అక్క సంతోషం దాచుకుంటోంది.

పిట్ట ఒక ముక్క తీసి నోట్లో పెట్టుకుంది. అక్క పడిశం తనకీ అంటుకుంది, వాసన కూడా తెలియలేదు. మెత్తగా తగిలింది, అంతే. కాసేపు నమిలి, కళ్ళు పెద్దవి చేసింది.

"అక్కా! తెలుస్తోందే!"

"ఏం తెలుస్తోంది?"

"రుచే! నిన్నట్నించీ అనుమానంగానే ఉంది, చెప్పలేదు. నాది నాకు తిరిగొస్తోంది. ఇదిగో, గులాబీ... గులాబీ కాస్త ఎక్కువ వేశావు."

అక్క దవడ ఆగింది. ఆవిడ నోట్లోనూ అదే మిఠాయి ఉంది. చెల్లెలి మొహం వంక చాలాసేపు చూసింది. పిట్ట చూపు తిప్పుకోలేదు, నవ్వు చెదరనివ్వలేదు.

"అవునే," అంది అక్క చివరికి. "ఎక్కువే పడింది. ఈసారి తగ్గిస్తాలే."

ఆ వారంలోనే అక్క రేవు పట్నం వెళ్ళిపోయింది. బస్సు దగ్గర ఇద్దరూ ఏడవలేదు. అక్క మాత్రం చెల్లెలి చెయ్యి పట్టుకుని వదల్లేక వదల్లేక వదిలింది. పిట్ట ఎక్కడ పొరపాటున రుచి మళ్ళీ తనకి వచ్చేస్తుందో అని చెయ్యి పిడికిలి బిగించే ఉంచింది.

మిగిలిన మిఠాయి డబ్బాలో పెట్టి దర్జీకి ఇచ్చింది. ఆయన ఒకటి తిన్నాడు, ఇంకోటి తిన్నాడు, పొడి అంటిన వేళ్ళు నాకాడు.

"మీ అక్క చెయ్యే చెయ్యి. దానిమ్మ ఇంత బాగా కుదరగా నేనెప్పుడూ తినలేదు."

"గులాబీ ఎక్కువవలేదా మావయ్యా?"

"గులాబీనా?" దర్జీ మూడోది కొరికి, నాలుక మీద తిప్పి చూసుకున్నాడు. "గులాబీ లేదు, గాడిదగుడ్డూ లేదు. అచ్చంగా దానిమ్మే. ఎందుకలా అడిగావు?"

"ఊరికే," అంది పిట్ట.

మెట్ల మీద కూర్చుండిపోయింది. అక్కకి ఆ క్షణమే తెలిసిపోయింది. తెలిసీ అవునంది. తను అబద్ధమాడినంత కష్టపడే అక్క దాన్ని పుచ్చుకుని ఉంటుంది. ఇప్పుడు ఆ ఇత్తడి గిన్నెల మధ్య నిలబడి, ప్రతి ముక్క దగ్గరా చెల్లెల్ని తలుచుకుంటూ ఉంటుంది. అయినా వెళ్ళింది. తను కోరింది అదేగా.

కాసేపటికి లేచి, చీర కుచ్చిళ్ళు దులుపుకుని, ఆస్పత్రి వైపు నడిచింది. లాండ్రీలో అక్క చోటు ఇంకా ఖాళీగానే ఉందని వింది. దుప్పట్లు మడవటానికి నాలుకతో పని లేదు.