నీళ్లకు పోయిన దోనె

అటు ఊడ్చి, ఇటు ఊడ్చి, జంపక్క చీపురు పక్కన పడేసి దోనె పగులులో వేలు పెట్టింది. మొన్నటిదాకా గోరు మాత్రమే దూరేది. ఇవాళ కణుపు దాకా పోయింది. రేకుల కప్పు మీద మే నెల ఎండ నిప్పులు పోస్తుంటే, నల్లమద్ది మాను మాత్రం ఎన్నాళ్లని ఓర్చుకుంటుంది?

భద్రాచలం శివార్లలో, గోదావరి గట్టు దిగువన, రెండువేల ఒకటిలో పెట్టిన పడవల మ్యూజియం అది. ఈ దోనె అంతకుముందు జంపక్కదే. ఒకే మానును తొలిచి తండ్రి చేశాడు. ఆయన పోయాక తెడ్డు ఆమె పట్టింది. నొప్పులు పడుతున్న ఆడవాళ్లను వరదలో వాగు దాటించి దవాఖానాకు చేర్చింది, సంతకు ఇప్పపువ్వు మోసింది. వాగు మీద వంతెన పడ్డాక పిలిచే నాథుడు లేడు. మ్యూజియం వాళ్లు దోనెను అడిగితే, తననూ తీసుకుపోతేనే ఇస్తానని మొండికేసింది. అలా స్వీపరైంది. మొగుడూ పిల్లలూ లేని మనిషి. ఎవరేమనుకుంటారోనన్న బెంగ అంతకన్నా లేదు.

అసలు ఎండాకాలంలో దోనెను ఒడ్డున ఉంచరు. రాళ్లు నింపి మడుగులో ముంచుతారు. మాను నీళ్లు తాగి ఉబ్బి, పగులు మూసుకుంటుంది. ఏడేళ్లుగా ఆమె ఈ ముక్క చెబుతూనే ఉంది. మేనేజర్ సుకుమార్ మంచివాడే, మధిర కుర్రాడు. కానీ మ్యూజియం వస్తువుకు తడి తగలకూడదన్నది అతని చదువు. ఏటా నవ్వి ఊరుకున్నవాడు ఈసారి కమిటీకి రాశాడు. పగులుకు అడ్డంగా ఇనప పట్టీలు వేసి బోల్టులు బిగించమని జవాబొచ్చింది. ఖమ్మం నుంచి డ్రిల్లింగ్ మనిషి ఇవాళ మూడు గంటల బస్సుకు దిగుతాడు.

"బోల్టు వడితే మాను సస్తది సారు" అన్నది జంపక్క.

కమిటీ మాట, తన చేతుల్లో లేదంటూ అతను బస్టాండుకు బయల్దేరాడు.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. తిన్నగా రేవుకు పోయి, చేపలు పట్టే రాందాసునూ అతని మనుషులు ఏడుగురినీ వెంటబెట్టుకొచ్చింది. పోలీసులొస్తారేమోనని రాందాసు గొణిగాడు. నిన్ను కనేనాడు మీ అమ్మను వాగు దాటించిందెవరని అడిగేసరికి తువ్వాలు తలకు చుట్టాడు. వెదురు బొంగులు కట్టి దోనెను భుజాలకెత్తారు. గోడకున్న తెడ్డు తీసుకుని జంపక్క ముందు నడిచింది.

నీళ్లలో దించగానే ఎక్కి కూర్చుంది. వద్దు, మునిగిపోతుందన్నారు వాళ్లు. మునగడానికే కదా పోయేది! పగులులోంచి నీళ్లు బుగ్గలా ఎగదన్నుతుంటే, ఏడేళ్ల తర్వాత తెడ్డు వేసింది. యాభై ఎనిమిదేళ్ల చేతులు ఒక్కసారి కూడా తడబడలేదు. మడుగు చేరేసరికి దోనె నిండింది, ఆమె నడుము దాకా నీళ్లలో నిలబడింది. ఒడ్డు వెంట వచ్చిన వాళ్లచేత రాళ్లు నింపించి, అది కనుమరుగయ్యే దాకా అంచు వదల్లేదు. ఆ కాసేపూ ఆమె ముఖం వెలిగిపోయింది.

ఒడ్డుకు వచ్చేసరికి సుకుమార్, పక్కన డ్రిల్లు పట్టుకున్న మనిషి.

"ఏంటి జంపక్కా ఇది? ఉద్యోగం పోద్ది నీకు."

"పోనియ్ సారు. వరద రాకముందే తియ్యుండ్రి, లేకుంటే కొట్కపోతది. అప్పటికి పగులు మూస్కపోకుంటే నన్ను జైల్ల ఏయించుండ్రి."

సుకుమార్ నీళ్లకేసి ఓసారి చూసి, డ్రిల్లింగ్ మనిషిని తిరిగి బస్సెక్కించాడు.

సాయంత్రం ఫోన్లో ఎంత బతిమాలినా కమిటీ వినలేదు. ఆమెను ఇవాళ్టికివాళ తీసెయ్యమన్నారు. ఫోన్ పెట్టేసి అతను బల్ల మీది కాగితాలు సర్దుతుంటే, జంపక్కే అడిగి చెప్పించుకుంది. తలూపి, లోపలికి పోయి వచ్చి, తాళాలు బల్ల మీద పెట్టి, తడి చీరతోనే వాళ్ల ఊరి ఆటో ఎక్కింది.

తలుపు మూయబోతూ సుకుమార్ లోపలికి చూశాడు. మ్యూజియం సొత్తని కాబోలు, తెడ్డును రేవులో బురద కడిగి తెచ్చి ఎప్పటి కొక్కేనికే తగిలించి పోయింది. దాని కొస నుంచి గోదావరి నీళ్లు ఇంకా కారుతున్నాయి.