మేస్త్రి ఇంట్లో ఆరని పొయ్యి

రండి, రండి. కిటికీ దగ్గరున్నవాళ్ళు కాస్త ముందుకి జరగండి. పలకలు ఒళ్ళో పెట్టుకోండి. వెనకబెంచీవాళ్ళూ, ఆ గుసగుసలు కాసేపు కట్టిపెట్టండి. ఇది ఒక పొయ్యి కథ. నవ్వొచ్చినచోట నవ్వండి, నేనేం అనను.

ఒక ఊళ్ళో ఇటుకల బట్టీ ఉండేది. దాని యజమానిని అందరూ బట్టీ పెద్దాయన అనేవారు. తెల్లారగానే బట్టీ చుట్టూ తిరిగి, పైన వదిలిన కన్నంలోంచి మంట రంగు చూసి, ‘ఇంకో పూట పడుతుంది’ అనో, ‘చాలు, మూసేయండి’ అనో చెప్పడం ఆయన పని. రంగు చూసి మంట సంగతి చెప్పడంలో ఆయన తర్వాతే ఎవరైనా. ఆదివారం మాత్రం తెల్ల చొక్కా తొడుక్కుని చర్చికి వెళ్ళేవాడు. అక్కడ ఆయన సంఘపెద్ద.

ఆరాధన అయ్యాక చర్చి మెట్లమీద ఆయనకీ, బావమరిది వడ్రంగికీ ప్రతివారం ఒకటే వాదన. నరకంలో పడ్డవాడు ఎప్పటికీ కాలుతూనే ఉంటాడా, లేక కాలి బూడిదై అంతటితో అయిపోతాడా అని.

“ఇటుకని నిప్పుల్లో పెడితే తరిగిపోతుందా? ఇంకా గట్టిపడుతుంది. ఆత్మ కూడా అంతేరా. యుగయుగాలు కాలుతుంది, తరగదు,” అనేవాడు పెద్దాయన.

“నీకు లోకమంతా ఇటుకలాగే కనిపిస్తుంది బావా! నేను చెక్క చిత్రిక పడితే రాలే పొట్టు గుప్పెడు పొయ్యిలో వేసి చూడు. భగ్గుమంటుంది, అయిపోతుంది. దేవుడికి వేరే పనేం లేదా, ఒక్కొక్కణ్ణీ కూర్చోబెట్టి ఎప్పటికీ కాలుస్తూ ఉండటానికి?”

“ఆరని అగ్ని అని రాసి ఉంది. అది నీ కంటికి ఆనదు.”

“అగ్ని ఆరదన్నారు. అందులో పడ్డ కట్టె అలాగే ఉంటుందన్నారా?”

చివరికి ఇద్దరి భార్యలూ వచ్చి, ఎవరి మొగుణ్ణి వాళ్ళు చెయ్యి పట్టుకుని ఇంటికి లాక్కెళ్తేగానీ ఆ నరకం చల్లారేది కాదు.

ఆ ఊళ్ళోనే ఒక తాపీమేస్త్రి ఉండేవాడు. నవ్వుల మేస్త్రి అని పేరు. చర్చి గడప తొక్కడు. సాయంత్రమైతే ఒక గుక్క వేసుకుంటాడు. ఎవరు దొరికితే వాళ్ళని ఆటపట్టిస్తాడు. గోడ కడితే మాత్రం వేలెత్తి చూపించడానికి ఉండదు. అందుకే చర్చికి కొత్త గోడ కట్టాలన్నప్పుడు ఆయన్నే పిలిచారు. ఇటుకలు నావి అన్నాడు బట్టీ పెద్దాయన గర్వంగా.

సంఘమంతా చూస్తుండగా మేస్త్రి రెండు ఇటుకలు తీసి ఒకదానితో ఒకటి కొట్టాడు. బాగా కాలిన ఇటుక ఖణేల్‌మంటుంది. ఇవి తడిసిన చెక్కల్లా దబ్‌మన్నాయి. గోటితో గీస్తే పొడి రాలింది.

“బావగారూ, మీ నరకం కూడా మీ బట్టీలాంటిదే అయితే నాకేం దిగుల్లేదు. సగం కాల్చి వదిలేస్తారు!” అన్నాడు మేస్త్రి.

జనం పగలబడి నవ్వారు. పాస్టరుగారు కూడా రుమాలు అడ్డం పెట్టుకున్నారు. పెద్దాయన మొహం కందిపోయింది. “నా ఇటుకలకి వంక పెట్టేంత వాడివయ్యావా? నోరు మూసుకుని కట్టు!” అని కసిరాడు. మేస్త్రి కట్టాడు. ఆ వారం తొందరపడి ఒక రోజు ముందే బట్టీ మూయించిన సంగతి పెద్దాయన ఎవరికీ చెప్పలేదు.

ఏడాది తిరక్కుండానే మేస్త్రి పరంజా మీంచి పడి చనిపోయాడు. పాస్టరుగారు జ్వరంతో మంచమెక్కి ఉన్నారు. సమాధి దగ్గర నాలుగు మాటలు చెప్పే పని సంఘపెద్ద మీద పడింది. వడ్రంగి చేసిన పెట్టె గోతిలోకి దిగింది. పెద్దాయన చిన్న ప్రార్థన చేసి ఊరుకుందామనే తల ఎత్తాడు. ఎదురుగా అవే మొహాలు. ఆ రోజు నవ్విన మొహాలు.

“ఈయన ఎక్కడికి వెళ్ళాడో నాకు తెలుసు. ఆరని మంటలోకి వెళ్ళాడు. ఆ మంట సగంలో ఆగదు,” అన్నాడు.

అందరూ తలలు దించుకున్నారు. మేస్త్రి భార్య ఒక్కతే తలెత్తి ఆయన్ని చూసింది.

ఆమె ఇంటికి వెళ్ళేసరికి వంటింట్లో పొయ్యి వెలుగుతోంది. అందులో కట్టె లేదు. పొగ లేదు. చెంబుడు నీళ్ళు పోస్తే మంట పక్కనుంచి జారి నేలమీదకి వచ్చేశాయి. గిన్నె పెడితే వేడెక్కలేదు. పక్కింటావిడ తొంగిచూసి, “ఆరదులే వదినా, పెద్దాయన చెప్పాడుగా,” అని, మర్నాటినుంచి తన ఇంట్లో వండిన గిన్నెలోంచే కాస్త పంపించసాగింది. మేస్త్రి భార్య అందులో రెండు ముద్దలు తిని, మిగతా రోజంతా పొయ్యికి ఎదురుగా పీట వేసుకుని కూర్చునేది.

పొయ్యి సంగతి విని వడ్రంగి ఓదార్చడానికి వచ్చాడు. “బాధపడకక్కా. మా బావ మాట నమ్మకు. ఎవరూ ఎప్పటికీ కాలరు. ఒక్క క్షణం, అంతే. తర్వాత ఏమీ ఉండదు. మనిషే ఉండడు.”

“మనిషే ఉండడా?” అందామె. “మరి నేను వెళ్తే అక్కడెవరుంటారు?”

వడ్రంగి గబగబా లేచాడు. చెక్క ఏదో కొలవాలని గొణిగి బయటపడ్డాడు.

ఆ తర్వాత ఆమె దొంగతనాలు మొదలుపెట్టింది. అవును, దొంగతనాలే! అబద్ధాలు కూడా. పక్కింటివాళ్ళ గరిటె ఎత్తుకొచ్చింది. పొద్దున వాళ్ళు దేంతో కలుపుకుంటారో అని తెల్లారకముందే తిరిగి పెట్టేసింది. పాలావిడకి ఇవాళ సోమవారం అని అబద్ధం చెప్పింది. పాపం, రోజులు తప్పుతుందేమోనని వీధి చివరిదాకా పరుగెత్తి, మంగళవారమని చెప్పి వచ్చింది. ఇలా లాభం లేదని, ఒక మధ్యాహ్నం చర్చిలోని చేతిగంట శాలువా కింద దాచుకుని బయల్దేరింది. అడుగు వేస్తే టింగ్. అడుగు వేస్తే టింగ్. వీధివీధంతా విని, మొహాలు అటు తిప్పుకుని, ఏమీ వినపడనట్టే ఉండిపోయారు. మంచివాళ్ళు.

బట్టీ పెద్దాయన మాత్రం ఎదురొచ్చాడు.

“చెల్లెమ్మా, అదేమిటి?”

“గంట.”

“ఎక్కడిది?”

“దొంగిలించాను,” అంది ఆమె, తప్పించుకోవాలనే ఆలోచన కూడా లేకుండా. “ఇది పెద్ద పాపమే కదా అన్నయ్యా? దీనికి నన్ను అక్కడికి పంపిస్తారు కదా?”

“ఎక్కడికి?”

“ఆయన దగ్గరికి. ముప్ఫై ఏళ్ళు కాపురం చేశాను. మెడలో ఉన్న తువ్వాలు కనపడక ఇల్లంతా వెతికే మనిషి. అంత మంటలో ఒక్కడే ఏం చేసుకుంటాడు? నువ్వే చెప్పు.”

పెద్దాయన గంట సంగతి వదిలేశాడు. ఆమె వెనకే ఇంటిదాకా వెళ్ళాడు. వంటింటి గుమ్మంలో నిలబడి పొయ్యిలోకి చూశాడు. మంట రంగు చూస్తే ఆయనకి తెలియనిదేముంది? మసక ఎరుపు. వెలుగే తప్ప వేడి లేదు. ఒక రోజు ముందే మూయించిన ఆ బట్టీలో, ఆ సాయంత్రం, ఆ కన్నంలోంచి చూసింది ఈ రంగునే. అది ఏ లోకం నుంచీ వచ్చిన మంట కాదు. తన కడుపులోది.

చెవులు కాలిపోతున్నాయి ఆయనకి. గుమ్మం పట్టుకుని, “తప్పయిపోయింది చెల్లెమ్మా,” అన్నాడు నెమ్మదిగా.

ఆమె పీటమీంచి లేవలేదు. “నాలుగు రోడ్లకీ వినపడేలా అన్నావు. ఇప్పుడు ఇక్కడ గొణిగితే ఆయనకేం వినపడుతుంది అన్నయ్యా?”

మంట ఆవగింజంత కూడా తగ్గలేదు.

ఆదివారం వచ్చింది. ఆరాధన ముగిసి, జనం లేవబోతుంటే పెద్దాయన నిలబడ్డాడు. వేదిక దగ్గరికి వెళ్ళకుండా కొత్త గోడ దగ్గరికి వెళ్ళాడు. తెల్ల చొక్కా చేతులు పైకి మడిచి, గోటితో గోడని గీశాడు. ఎర్రటి పొడి చొక్కామీద రాలింది.

“ఈ ఇటుకలు పచ్చివి,” అన్నాడు. “మేస్త్రి చెప్పింది నిజం. నాకు ముందే తెలుసు. మీరంతా నవ్వారని నాకు కడుపు మండింది. ఆ మంటనే సమాధి దగ్గర దేవుడి మాట అని చెప్పి కక్కాను. ఆయన ఎక్కడున్నాడో నాకు తెలియదు. తెలుసన్నాను. అబద్ధం చెప్పాను.”

ఎవరి చూపూ నేలమీంచి లేవలేదు. వడ్రంగి కూడా కాళ్ళవైపే చూసుకుంటున్నాడు. తనకీ తెలియదు మరి. తెలుసన్నట్టే ఆమెకి చెప్పి వచ్చాడు.

వెనక వరసలోంచి మేస్త్రి భార్య లేచింది. “అయితే నీకు నిజంగా తెలియదా అన్నయ్యా?”

“తెలియదమ్మా. ఒట్టు.”

“ఇతనికీ తెలియదా?”

“తెలియదక్కా,” అన్నాడు వడ్రంగి.

“అయితే పైవాడొక్కడికే తెలుసన్నమాట. మీ ఇద్దరికంటే ఆయనే నయం,” అంది. అని, ఒక్కసారిగా నవ్వింది. అచ్చం మేస్త్రి నవ్వు. ఆ నవ్వు విని ఏడ్చినవాళ్ళున్నారు.

ఇంటికి వెళ్ళేసరికి పొయ్యి చల్లగా ఉంది. చెయ్యి పెట్టి చూసింది. చిటికెడు బూడిద కూడా లేదు. రెండు కట్టెలు తెచ్చి పెట్టి, పక్కింటికి వెళ్ళి అగ్గిపెట్టె అడిగింది. పక్కింటావిడ ఏమీ అడక్కుండా ఇచ్చింది. ఆ పూట వాకిట్లో పెద్దాయన, వడ్రంగి తలలు వంచుకుని నిలబడి ఉంటే, “రండి, ముందు చేతులు కడుక్కోండి. చర్చి గంటని తర్వాత తీసుకెళ్దురుగానీ,” అని లోపలికి పిలిచి, వాళ్ళతోపాటు తనూ కంచం ముందు కూర్చుంది. కడుపునిండా తింది.

ఆ గోడని పెద్దాయన తన చేతులతోనే కూల్చి, మళ్ళీ కట్టే గోడకి బాగా కాల్చిన ఇటుకలు తనే మోశాడు. మెట్లమీద వాదనలు ఆ తర్వాత కూడా జరిగాయి, ఇటుకా చిత్రిక పొట్టూ అంటూ. కానీ ఊళ్ళో ఎవరు పోయినా పెద్దాయన సమాధి దగ్గర మాట్లాడేవాడు కాదు. పార పట్టుకుని అందరికంటే ముందు వెళ్ళి, పని అయ్యాక ఏడ్చేవాళ్ళ పక్కన ఊరికే కూర్చునేవాడు. ఆ గోడ పక్కనుంచి వెళ్ళినప్పుడల్లా ఆయన చెవులు ఎర్రబడేవట, బతికినంతకాలం.

సరే, లేవండిక. పలకలు మర్చిపోకండి. మీ ఇళ్ళల్లో పొయ్యిలు వెలిగే వేళయింది, మీ అమ్మలు చూస్తుంటారు. పరుగెత్తకుండా వెళ్ళి, వేడివేడిగా అన్నం తినండి.