అడగకుండా వచ్చే టోస్టు

మా కామోమె కాఫీ షాపులో రోజూ వచ్చేవాళ్ళు నోరు తెరిచి ఏదీ అడగరు. తలుపు తోస్తే గంట మోగుతుంది, షాపు నడిపే మిత్సుయో అక్క తలెత్తి ఎవరొచ్చారో చూస్తుంది. మనం మన కుర్చీలో కూర్చుని వేడి తువ్వాలుతో చేతులు తుడుచుకునేలోపు మనది మన ముందుకు వచ్చేస్తుంది. కాఫీ, దాంతోపాటు మందపాటి టోస్టు, ఉడికించిన గుడ్డు, చిన్న పొట్లంలో ఉప్పు వేరుశెనగలు. పొద్దున పూట కాఫీ తాగేవాడికి ఇవన్నీ ఊరికే రావాలి. నగోయాలో పుట్టినవాళ్ళకి అది గాలీ నీరూ లాంటి హక్కు. టోక్యో నుంచి వచ్చినాయన ఒకసారి "గుడ్డు నేను చెప్పలేదే" అని వెనక్కి పంపబోతే అందరం ఆయన్ని జాలిగా చూశాం.

నాది పక్క గుమ్మమే, సెలూన్. మా నాన్న తర్వాత కూతుర్ని నేనే, ఈ బజారులో సగం గడ్డాలు నా చేతి మీదుగానే పోతాయి. ఏడింటికి కామోమెలో కూర్చుని కాఫీ తాగితేగాని కత్తి పట్టను. నా కాఫీ మీద అక్క గిలక్కొట్టిన మీగడ గోపురంలా పోసి ఇస్తుంది. దాని సంగతి ఇప్పుడు వద్దు.

నా పక్క కుర్చీ హిబినో గారిది. నేల మీద పరిచే తతామి గడ్డిచాపలు కుట్టీ కుట్టీ దుకాణం కొడుక్కి అప్పగించిన మనిషి. ఇప్పటికీ ఆయన చొక్కా చేతులకి గడ్డిపోచలు అంటుకునే ఉంటాయి. మాటలు మాత్రం మహా పొదుపు. ఆయన ముందుకు వచ్చేది పూర్ణం టోస్టు. వెన్న రాసిన రొట్టె మీద ఎర్రటి అజుకి గింజల తీపి పూర్ణం అంగుళం మందాన పరిచి ఉంటుంది. ఒకప్పుడు సగం మంది అదే తినేవాళ్ళు. తర్వాత ఒకరికి షుగరొచ్చింది, ఒకరికి కట్టుడు పళ్ళొచ్చాయి, కుర్రకారుకి జాము కావాల్సి వచ్చింది. చివరికి పూర్ణానికి హిబినో గారు ఒక్కరే మిగిలారు.

ఆ ఒక్కరి కోసం అక్క తెల్లారకముందే లేచేది. ఇంటి పొయ్యి మీద గింజలు ఉడికించి, చక్కెర వేసి, అడుగంటకుండా నిలబడి కలిపి, గిన్నెలో పెట్టుకుని షాపుకి తెచ్చేది. "డబ్బాల్లో దొరుకుతుంది కదక్కా" అని ఒకసారి అన్నాను.

"డబ్బాదా? హిబినో గారికా?" అని నన్ను పైనుంచి కిందికి చూసింది.

రోజూ ఆయన ఒక ముక్క కొరికాక అడిగేది, "ఎలా ఉంది?" అని. ఆయన రోజూ "చాలా బావుంది" అనేవారు. దాదాపు ఇరవై ఏళ్ళుగా ఇదే వరస. ఆ మాట విన్నాక అక్క మొహం ఎంత వెలిగిపోయేదో! నిజం చెప్పొద్దూ, నాకు కాస్త కుళ్ళుగా ఉండేది.

వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో అక్క మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. షాపు చూసుకోవడానికి ఒసాకా నుంచి మేనకోడలు కహో దిగింది. మంచి పిల్లే, చేతిలో పని ఉంది. కాకపోతే అక్కడ ఏదో పెద్ద హోటల్లో పనిచేసి వచ్చింది, వచ్చినవాళ్ళని నిలబెట్టి ఏం కావాలో అడిగే చోట.

మొదటి రోజు హిబినో గారు వచ్చి కూర్చున్నారు. కహో నవ్వుతూ ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఏం కావాలండీ?"

సొంతింటికి వెళ్తే కన్నతల్లి "ఎవరు కావాలండీ" అని అడిగినట్టుంది మాకు. ఇస్త్రీ షాపు ఒగిసో గారు పేపరు దించి చూశారు. ఆ పిల్లకి నాలుగు ముక్కలు చెబుదామని నేను నోరు తెరిచాను. హిబినో గారు చెయ్యెత్తి నన్ను ఆపారు. అటు చూశారు, ఇటు చూశారు.

"వెన్న టోస్టు ఇస్తావా, అమ్మా? ఉత్త వెన్నే."

ఎప్పుడూ పూర్ణం టోస్టుని మందు మింగినట్టు గబగబా కాఫీతో దింపేసే మనిషి ఆరోజు అంచుల దగ్గర మొదలుపెట్టారు. నమిలి నమిలి తిన్నారు. ఆఖర్న ప్లేటులో రాలిన పొడిని కూడా వేలికి అద్దుకుని నాలిక మీద పెట్టుకున్నారు. నేను చూస్తూనే ఉన్నాను.

ఆ వారమే గడ్డానికి వచ్చారు. కుర్చీ వెనక్కి వాల్చి, మొహం నిండా నురగ పట్టించి, కత్తి మెడ దగ్గర పెట్టాక అడిగాను. అడగడానికి అంతకంటే మంచి సమయం ఉండదు, కదలడానికి వీలుండదు కదా.

"హిబినో గారూ, మీకు పూర్ణం ఇష్టం లేదు కదూ?"

ఆయన కళ్ళు గట్టిగా మూసుకున్నారు. "ముందు కత్తి తియ్యి, చెప్తా."

తీశాను.

"ఆవిడ మొగుడు పోయి, ఒంటరిగా షాపు తెరిచిన మొదటి వారం అది. వేరేవాళ్ళది పొరపాటున నా ముందు పెట్టింది. ఇది నేను మొట్టమొదటిసారి చేసిన పూర్ణం అండీ, ఎలా ఉంది అని అడిగింది. చేతిలో తువ్వాలు నలిపేస్తోంది. ఏమనమంటావ్ నన్ను?"

"బాలేదు అనాలి."

"నువ్వైతే అంటావులే. బావుందన్నా. మర్నాడు అడక్కుండానే వచ్చేసింది. రెండో రోజు చెబుదామనుకున్నా. మూడో రోజుకి ఆలస్యమైపోయింది."

"ఇరవై ఏళ్ళు తిన్నారా ఇష్టంలేనిది! వేరే షాపుకి పోవచ్చు కదా? ఈ బజారులో షాపులకేం కరువు?"

"కాఫీ బావుంటుంది ఇక్కడ" అన్నారు. మొహం నురగలో దాక్కున్నా చెవులు కనిపిస్తూనే ఉన్నాయి, ఎర్రగా కందిపోయి. నా పని చెవుల దగ్గరే కాబట్టి నాకు అర్థమైపోయింది. ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకునిగానీ ఆయన కుర్చీ దిగలేదు.

చలి మొదలయ్యేసరికి అక్క చేతికర్రతో తిరిగి వచ్చింది. కహో గుడ్డసంచిలో కాఫీ పొడి మీద సన్నధారగా వేడినీళ్ళు పోస్తుంటే పక్కన నిలబడి "మణికట్టు వంచకు, నీళ్ళు వాటంతటవే దిగనీ" అని సాధించేది. హిబినో గారి ముందుకి మళ్ళీ పూర్ణం టోస్టు వచ్చింది. ఆయన మళ్ళీ మందులా మింగి "చాలా బావుంది" అన్నారు. నేను పళ్ళు నూరుకున్నాను.

ఒక విషయం మాత్రం నాకు తేడాగా అనిపించింది. మేం ముందే డబ్బు కట్టి కొనుక్కునే కాఫీ కూపన్ల పుస్తకాలు గోడ మీదే ఉంటాయి, ఎవరి పేరుతో వాళ్ళవి, పిన్నుతో గుచ్చి. తాగినప్పుడల్లా అక్కే ఒక చీటీ చింపుకుంటుంది. నాది అయిపోయింది, కొత్తది ఇమ్మన్నాను. "తర్వాత చూద్దాంలే, చిల్లర ఇచ్చెయ్" అంది. ఒగిసో గారికీ అదే మాట. గోడ మీద ఖాళీలు పెరుగుతున్నాయి.

అక్క జుట్టు కత్తిరించడానికి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు నిలదీశాను.

"ఈ ఏడాది ఆఖరుకి షట్టర్ దించేస్తానే, కియోమీ" అంది అద్దంలోంచి.

నా కత్తెర ఆగిపోయింది. "కాలు నయమైందన్నారు కదా డాక్టర్లు?"

"నడవడానికి నయమైంది. పొయ్యి దగ్గర అంతసేపు నిలబడలేకపోతున్నా. మొన్న కాలు వణికి కూర్చుండిపోయా, పూర్ణం అడుగంటింది. పారబోసి మళ్ళీ మొదట్నుంచీ చేశా."

"పూర్ణం మానెయ్. కాఫీకి కహో ఉంది. నువ్వు కుర్చీ వేసుకుని కూర్చుని అందర్నీ తిట్టుకో."

"హిబినో గారు దేనికోసం వస్తున్నారనుకున్నావ్? ఈ బజారులో పూర్ణం బావుందని రోజూ చెప్పే మనిషి ఆయనొక్కడే. ఆయనది ఆయనకి పెట్టలేకపోతే ఇంక అది షాపేంటి? డబ్బా తెచ్చి ఆయన ముందు పెట్టమంటావా? అంతకంటే మూసుకోవడం మర్యాద."

అసలు సంగతి నాలిక చివరిదాకా వచ్చింది. ఒట్టు గుర్తొచ్చి మింగేశాను. జుట్టు ఒకవైపు పొట్టిగా కత్తిరించేశాను కూడా. అక్క గమనించనేలేదు.

తిన్నగా హిబినో గారి దుకాణానికి పోయాను. కొడుకు లోపల చాపకి అంచు కుడుతున్నాడు. హిబినో గారిని వీధిలోకి లాగి అంతా చెప్పాను. ఆయన పాలిపోయారు.

"అయితే నేనే రావడం మానేస్తా. ఆవిడ వండక్కర్లేదు."

"ఎంత తెలివండీ! మీరు మానేస్తే తన వంట చెడిందనుకుంటుంది. ఏడాది ఆఖరుదాకా కూడా ఆగదు, ఆ సాయంత్రమే మూసేస్తుంది."

"ఇరవై ఏళ్ళు చెప్పిందంతా అబద్ధమైపోతుంది, కియోమీ. ఆవిడ మొహం ఎలా చూడను?"

"అయితే షట్టర్ మొహం చూడండి రోజూ!" అని అరిచి వచ్చేశాను. ఇంటికొచ్చాక మాత్రం ఏడుపొచ్చింది. ఆ గంట మోగకపోతే, ఆ కుర్చీ లేకపోతే, పొద్దున్నే నేను ఎక్కడికి పోను?

మర్నాడు హిబినో గారు శుభ్రమైన చొక్కా వేసుకుని వచ్చారు. గడ్డిపోచ ఒక్కటి లేదు. అక్క కర్ర మీద ఆనుకుంటూ ప్లేటు తెచ్చి పెట్టింది. పూర్ణం ఇంకా వెచ్చగా ఆవిర్లు కక్కుతోంది. ఆయన ముట్టుకోలేదు. లేచి నిలబడి నడుము వంచి నమస్కరించారు.

"మిత్సుయో గారూ, నాకు పూర్ణం పడదు."

"అయ్యో, ఎప్పట్నుంచి? కడుపులో ఏమైనా..."

"మొదటి రోజు నుంచీ."

కహో చేతిలో నీళ్ళధార ఆగిపోయింది. అక్క ప్లేటు వంకా ఆయన వంకా మార్చి మార్చి చూసింది. "మరి రోజూ బావుంది, బావుంది అన్నారు?"

హిబినో గారు తలెత్తలేదు. "మీరు వచ్చి ఎలా ఉంది అని అడుగుతారు చూడండి. అది బావుంటుంది."

అక్క ప్లేటు తీసుకుని, కర్ర టకటకలాడించుకుంటూ తెర వెనక్కి వెళ్ళిపోయింది. మళ్ళీ బయటికి రాలేదు. హిబినో గారు సగం కాఫీ వదిలేసి వెళ్ళిపోయారు. నాకు భయమేసింది. నా నోటి దురుసుతో ఉన్నదీ పోగొట్టానేమోనని రోజంతా అదే ధ్యాస. ఒక కస్టమర్‌కి రెండుసార్లు తల కడిగాను.

తెల్లారి బజారు మలుపు తిరుగుతూనే చూశాను. షట్టర్ ఎత్తే ఉంది. లోపల అక్క మొహం తేటగా ఉంది.

"ఆరింటిదాకా పడుకున్నానే, కియోమీ. ఎన్నేళ్ళయిందో!" అని ఒళ్ళు విరుచుకుంది. "ఒళ్ళు మండి నిద్ర పట్టదనుకున్నా. చక్కగా పట్టింది."

గాజు తలుపు అవతల ఒక నీడ వస్తోంది, పోతోంది. చూసి చూసి విసుగొచ్చి నేనే తలుపు తీసి హిబినో గారిని చెయ్యి పట్టుకుని లోపలికి లాగాను. ఆయన తన కుర్చీలో అంచున కూర్చున్నారు. అక్క వేడి తువ్వాలు తెచ్చి పెట్టింది. ప్లేటు తేలేదు. కర్ర మీద రెండు చేతులూ ఆనించి ఎదురుగా నిలబడింది.

"ఏం కావాలండీ?"

ఆ షాపులో ఆవిడ నోట ఆ ప్రశ్న అప్పటిదాకా మేమెవ్వరం వినలేదు.

"వెన్న టోస్టు" అన్నారు హిబినో గారు.

"ఇంకా? ఇన్నేళ్ళ బాకీ ఏమైనా మిగిలుంటే ఇప్పుడే చెప్పెయ్యండి."

ఆయన తువ్వాలు మడిచి పక్కన పెట్టారు. "గుడ్డు... కొంచెం ఎక్కువ ఉడుకుతుంది."

ఒగిసో గారికి కాఫీ పొలమారింది. కహో సింకు వైపు తిరిగి భుజాలు కదిలిస్తూ నవ్వింది. అక్క మాత్రం నవ్వలేదు, మూతి బిగించుకునే వెళ్ళి టోస్టు తెచ్చింది. ఆయన కొరికేదాకా అక్కడే నిలబడింది.

"ఎలా ఉంది?"

ఆయన నమిలారు, నిదానంగా మింగారు. "చాలా బావుంది."

అక్క మొహం అంతకుముందెప్పుడూ అలా వెలగలేదు. డ్రాయర్‌లోంచి కొత్త కూపన్ల పుస్తకం తీసి, పైన హిబినో అని రాసి, గోడ మీద పాత చోటే గుచ్చింది. ఒగిసో గారిదీ గుచ్చింది. నాది గుచ్చబోతూ ఆగి, నా వైపు తిరిగింది.

"అవునే, నీ కాఫీ మీద మీగడ? అది నీకు నిజంగా ఇష్టమేనా?"

షాపంతా నన్నే చూస్తోంది. చేతిలో పిన్ను పట్టుకుని అక్క ఎదురుచూస్తోంది. నేను నోరు తెరిచాను. మొత్తం బజారులో నా అంత నోరున్నవాళ్ళు ఇంకెవరూ లేరు.

"ఏం మాటలక్కా! అది లేకపోతే నాకు తెల్లారినట్టే ఉండదు" అన్నాను.

అక్క మురిసిపోయి మరో గరిటె మీగడ పైన వేసింది. పక్కనుంచి హిబినో గారు నన్నొకసారి చూసి, నా కత్తి కింద ఉన్నట్టు మెడ తడుముకున్నారు.

రేపు చెబుతాను. రేపు తప్పకుండా చెబుతాను.