మందలో కలిసిన డాక్టరమ్మ

సన్నటి ఉక్కు గొట్టంలోకి బ్రష్షు దూర్చి, అవతలి కొసన దాని కుచ్చు కనిపించేదాకా తోసి, మళ్ళీ వెనక్కి లాగింది దాసమ్మ. నురగ నీళ్ళు తొట్టిలోకి జారాయి. గొట్టాన్ని కిటికీ వైపు ఎత్తి, ఒక కన్ను మూసి చూసింది. అవతలి గుండ్రటి వెలుగులో పావగడ కొండ రేగుపండంత కనిపించింది. మురికి మిగిలుంటే కొండ మసగ్గా ఉంటుంది. ఆమె ఎప్పుడూ కొండ తేటగా కనిపించేదాకా కడుగుతుంది.

పావగడ బస్టాండు వెనక ఉన్న ఆ చిన్న నర్సింగ్ హోంలో దాసమ్మ ఆయా. పొట్టిగా, ఎండకు నల్లబడిన చెక్కలా ఉంటుంది. నీళ్ళల్లో నాని నాని వేళ్ళ చివరలు ముడతలు పడిపోయాయి. రాయచెర్లు అనే పల్లె నుంచి షేర్ ఆటోలో వస్తుంది. దారి పొడుగునా సోలారు పలకలే. వాటి కింద ఎక్కడో ఆమె కౌలుకిచ్చిన పొలం కూడా ఉంది. అది వచ్చే చోట రోజూ మెడ తిప్పి చూస్తుంది. అలవాటు.

ఈ రోజు మాత్రం చూడలేదు. ఒళ్ళో పెట్టుకున్న సంచినే పట్టుకుని కూర్చుంది. ఆ సంచిని తెచ్చి, ఎవరికీ కనబడకుండా గ్యాస్ పొయ్యి పక్కన దాచింది.

"దాసమ్మా, పట్టు," అంటూ డాక్టర్ లక్ష్మీప్రియ వచ్చింది. చీర మార్చుకుని ఆకుపచ్చ ఆపరేషను బట్టల్లో ఉంది. చేతి గడియారం తీసింది. తర్వాత రెండు ఎర్రటి మట్టిగాజులు, చెయ్యి సన్నం చేసి ఒక్కొక్కటే జార్చింది. ఇద్దరి మధ్యా ఇది ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. అల్మారాలూ తాళాలూ ఉన్నాయి కానీ డాక్టరమ్మ వస్తువులు దాసమ్మ కొంగులోనే ఉంటాయి. ఆమె వాటిని కొంగు చివర ముడేసి, బొడ్డులో దోపుకుంది. లోపల ఆపరేషను జరిగినంతసేపూ ఆ ముడి మీద ఒక చెయ్యి ఉంటుంది.

"ఏంది, మొగం అట్లుండాది? తిన్లేదా?"

"తింటి మేడమ్మా."

తినలేదు. వారం రోజులుగా ముద్ద సరిగ్గా దిగడం లేదు.

వారం కిందట రిసెప్షన్‌లో కూర్చునే ఓబులేశ్ కేకలు వేసుకుంటూ లోపలికొచ్చాడు. కడుపు బారెడు కొయ్యకుండా, చిన్న చిన్న బెజ్జాలు పెట్టి, లోపలికి కెమెరా పంపి ఆపరేషన్లు చేసే డాక్టర్లకు దేశదేశాలన్నీ కలిసిన ఒక పెద్ద సంఘం ఉందట. అందులో మన మేడమ్‌కు సభ్యత్వం ఇచ్చారట. సింగపూర్‌లో సభ పెట్టి, అందరి ముందూ మెడలో పట్టీ వేస్తారట. అందరూ చప్పట్లు కొట్టారు. దాసమ్మ కూడా కొట్టింది. కొడుతూనే లోపల చల్లబడిపోయింది.

ఆమె గొర్రెల ఇంట్లో పుట్టిన మనిషి. ఒక గొర్రె వేరే మందలో కలవడమంటే ఏమిటో ఆమెకు తెలుసు. వీపు మీది పాత రంగు గీకేసి కొత్త రంగు పూస్తారు. ఒకటి రెండు రోజులు వెనక్కి తిరిగి అరుస్తుంది. తర్వాత ఆ మంద ఎటు పోతే అటే. అట్లా పోయే ప్రతి గొర్రె వీపు మీదా ఆమె తల్లి గుప్పెడు ఉన్ని కత్తిరించి ఇంటి చూరులో దోపేది. పోయినదాని జాడ ఇంట్లో ఒకటి ఉండాలని.

భర్త ఎర్రిస్వామి ఒక ఎండాకాలం మందను తోలుకుని తుంగభద్ర కాలవల వైపు పోయాడు. వానలు పడితే వస్తానన్నాడు. వానలు పడ్డాయి, మంద వచ్చింది. జ్వరం తగిలి మనిషి అక్కడే మట్టిలో ఉండిపోయాడు. కప్పుకునే కంబళితో సహా అన్నీ తీసుకుపోయిన మనిషి. చూరులో దోపుకోవడానికి ఏమీ మిగల్లేదు. ఈ నర్సింగ్ హోంలో కూడా, ఇంతకుముందున్న పిల్లల డాక్టరు సోమవారం వస్తానని నవ్వుకుంటూ పోయాడు. ఆయన పేరున్న బోర్డు మాత్రం చాలా సోమవారాలు వేలాడింది.

లోపల పుట్టమ్మ అనే ఆమెకు పిత్తాశయంలో రాళ్ళు తీస్తున్నారు. తలుపు అద్దంలోంచి దాసమ్మకు టీవీ తెర కనిపించింది. గులాబీ రంగు లోపలి లోకం, అందులో నెమ్మదిగా, తొందర లేకుండా కదిలే డాక్టరమ్మ పనిముట్లు. ఉదయం తాను కొండ కనిపించేదాకా కడిగిన గొట్టాలే. ఎన్నిసార్లు చూసినా దాసమ్మకు ముచ్చటే. నర్సు వినుత బయటికొచ్చి బొటనవేలు ఎత్తి చూపింది.

రాళ్ళున్న చిన్న సీసాను బయట కాచుకున్న పుట్టమ్మ భర్త బైలప్పకు దాసమ్మే చూపించింది.

"ఇవేనా?" అన్నాడు బైలప్ప నిరాశగా. "మా చేన్లో ఇంతకంటే పెద్దవి ఉండాయి గదమ్మా!"

"ఆ చేను సోలారోళ్ళకి ఇచ్చేస్తివి. ఇంగ రాళ్ళు యాడ పెట్టుకోవాల్నో తెలీక నీ పెండ్లాం కడుపులో దాచినట్టుండాది," అన్నాడు ఓబులేశ్.

బైలప్ప పొట్ట పట్టుకుని నవ్వాడు. భయం దిగిన మనిషి నవ్వు అది.

మధ్యాహ్నం రిసెప్షన్ బల్ల మీద కేకు పెట్టారు. డాక్టరమ్మ మళ్ళీ చీర కట్టుకుని వచ్చింది. ఆ రోజే బెంగళూరు పోయి, అక్కడినుంచి విమానం ఎక్కాలి. గాజులు ఇవ్వాలని దాసమ్మ చెయ్యి ముడి దాకా పోయింది, ఆగింది. మళ్ళీ పోయింది. ఈలోగా కేకు కోసేశారు.

ఆమె గబగబా లోపలికి పోయి సంచి తెచ్చింది. బియ్యం, బెల్లం, కొబ్బరిచిప్పలు, పసుపు కొమ్ములు, రవికగుడ్డ.

"మేడమ్మా, కొంగు పట్టండి."

అందరూ నవ్వు ఆపేశారు. అది మడిలక్కి. ఆడపిల్లను అత్తవారింటికి పంపేటప్పుడు ఒడిలో పోసే బియ్యం.

"అత్తా, మేడమ్‌కి పెండ్లయి పదేండ్లాయె!" అన్నాడు ఓబులేశ్.

"నువ్వు సుమ్నుండప్పా," అని అతని నోరు మూయించింది దాసమ్మ. దోసిట్లోకి బియ్యం తీసుకుంది.

లక్ష్మీప్రియ కొంగు పట్టింది. దోసిలి దోసిలిగా బియ్యం పడుతుంటే అడిగింది, "నన్ను యాడికి పంపిస్తాండావు దాసమ్మా?"

"నీ మందలోకి తల్లీ. ఆ సంఘంలో కలిసినావంట గదా. కలిసినంక వాళ్ళ యంబడే పోవాల. అది కాయిదా. నేనేం వద్దనలేదు. ఉత్త చేతుల్తో పంపకూడదని..." 'మేడమ్మా', 'మీరు' అనే మర్యాద ఎప్పుడు జారిపోయిందో ఆమెకే తెలియలేదు.

ఓబులేశ్‌కు అప్పుడు అర్థమైంది. "అయ్యో అత్తా! నువ్వు భూమి సోలారోళ్ళకి ఇస్తివి గదా. భూమి యాడికన్నా పోయిందా? ఇదీ అట్లే."

"పోలేదప్పా. ఆడే ఉండాది. నేనే కంచె బయట నిలబడి చూసుకుంటాండా."

ఓబులేశ్ చేతిలోని కేకు ముక్కను బల్ల మీద పెట్టేశాడు. వినుత కళ్ళు తిప్పుకుంది.

"నాకి కంచె లేదు దాసమ్మా," అంది లక్ష్మీప్రియ. "నాకి పని బాగా వచ్చునని ఆ పెద్దోళ్ళు ఒప్పుకొన్నారు, అంతే. నేను చేసిన ఆపరేషన్ల వీడియోలు చూసి ఒప్పుకొన్నారు. అవన్నీ యాడ చేసినాను? ఈడే గదా! ఎవరు కడిగిన సామాన్లతో చేసినాను?"

దాసమ్మ తల ఊపింది. మాట బాగుంది. పిల్లల డాక్టరు మాట కూడా బాగానే ఉండేది.

డాక్టరమ్మ ఆమె ముఖం చూసింది. కొంగు మూట విప్పి బియ్యాన్ని గిన్నెలో పోసింది. "వినుతా, పొయ్యి ముట్టించు. బెల్లమన్నం చేద్దాం. అంపకం బియ్యం అందరం తినేస్తే ఇంగ దేంతో పంపిస్తాది ఈయమ్మ?"

నర్సింగ్ హోమంతా బెల్లం వాసన. డాక్టరమ్మ చీర కుచ్చిళ్ళు దోపుకుని గరిటె తిప్పింది. అడుగు మాడింది. మాడిన చోటే బాగుందని ఓబులేశ్ గీకి గీకి తిన్నాడు. బైలప్ప మళ్ళీ పెట్టించుకుని, మత్తులోంచి లేస్తున్న పెళ్ళాంతో, "నీకి లేదు, గంజే," అని చెప్పి తిట్లు తిన్నాడు. దాసమ్మ వారం తర్వాత కడుపు నిండా తింది. నవ్వింది కూడా. కానీ నవ్వుతూనే గేటు వైపు చూసింది. కారు వచ్చి ఆగింది.

పెట్టె ఎక్కించారు. డాక్టరమ్మ కారులో కూర్చుంది. అప్పుడు దాసమ్మ ముందుకొచ్చి బొడ్డులోంచి కొంగు లాగి ముడి విప్పింది. ఇక దాచుకోలేకపోయింది. ఆమె తల్లి గొర్రె నుంచి ఉన్ని కత్తిరించుకుంది కానీ, ఎవరి సొమ్మూ ఉంచుకోలేదు.

"మర్చిపోయినారు మేడమ్మా."

లక్ష్మీప్రియ గడియారం తీసుకుని పెట్టుకుంది. గాజుల మీద మాత్రం దాసమ్మ వేళ్ళను ఒక్కొక్కటే మూసింది.

"ఇవి ఉండనీ. వచ్చే గురువారం ఆపరేషన్ ఉండాది. వచ్చినంక ఎట్లాగూ మళ్ళా తీయాల్సిందే గదా. ముడేసుకో."

కారు కదిలి, బస్టాండు మలుపులో ఒక బస్సు చాటుకు పోయి, ఇక కనిపించలేదు.

దాసమ్మ లోపలికి పోయి పొద్దుటి పనిముట్లను విడదీసి మళ్ళీ కడిగింది. ప్రతి గొట్టంలోంచీ కొండను చూసుకుంది. తుడిచి, గుడ్డలో చుట్టి, గురువారానికి ఒక పక్కగా పెట్టింది.

సాయంత్రం ఆటో సోలారు పలకల మధ్య రాయచెర్లు వైపు పోతోంది. తన పొలం వచ్చే చోట మెడ తిప్పి చూసింది. పలకల అద్దాల మీద ఆకాశం ఎర్రబడి ఉంది. రోడ్డు గతుకులకు ఆటో ఎగిరినప్పుడల్లా, బొడ్డులో దోపిన కొంగు ముడిలో రెండు మట్టిగాజులు ఒకదాన్నొకటి తాకి సన్నగా మోగుతున్నాయి.